కోపం దిగాకే లెక్క తెరుద్దాం
(టైడా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ మాట టైడాలోనే చెప్పుకోవాలి. కొత్తవలస–కిరండూల్ రైలు దారిలోని ఈ కొండల నుంచి కాఫీ, మిరియాలు, చింతపండు సంతకు దిగుతాయి. సంత ఉన్నచోట తూకం తగవు, అప్పు తగవు ఉంటాయి. అమ్మేది గిరిజనులు. కొనేవారిలో మనవాళ్లూ ఉన్నారు.

మెదడులో అమిగ్డలా అనే బాదంగింజంత భాగం ఉంది. భయం, అవమానం ఎదురైతే అది ముందు మేల్కొంటుంది. నుదుటి వెనుక ఉండి ఆలోచించి తూచే భాగానికి అప్పుడు పట్టు తప్పుతుంది. ఆ సమయంలో లెక్క ఎంత సరిగ్గా చెప్పినా చెవికెక్కదు. 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం కొందరికి ముఖాల బొమ్మలు చూపి, అందులోని భావానికి పేరు పెట్టమంది. పేరు పెట్టినప్పుడు అమిగ్డలా జోరు తగ్గినట్టు స్కానింగులో కనిపించింది. ప్రయోగశాల వేరు, సంత వేరు. అయినా, "నీకు బాధ ఎక్కడ కలిగింది?" అని అడగడం కాలయాపన కాదని మా నమ్మకం. కోపంలో ఉండగా ఖాజీ తీర్పు చెప్పరాదని మన హదీసుల్లో ఉండనే ఉంది.

రెండో పరిశోధన మనకు కాస్త గుచ్చుకుంటుంది. 2012లో ఎమిల్ బ్రూనో, రెబెక్కా సాక్స్ అనే శాస్త్రవేత్తలు పాలస్తీనియులు–ఇజ్రాయిలీల మధ్య, అరిజోనాలో మెక్సికన్ వలసదారులు–తెల్లవారి మధ్య మాటలు నడిపి చూశారు. బలహీనుల మనసు తమ గోడు అవతలివారు విన్నప్పుడు మెత్తబడింది. బలవంతుల మనసు అవతలివారి గోడు తాము విన్నప్పుడు మెత్తబడింది. అంటే ఇద్దరికీ చెరో పది నిమిషాలు ఇస్తే సరిపోదు. సంతలో త్రాసు ఎవరి చేతిలో ఉంది? పద్దు పుస్తకం ఎవరిది, ఏ భాషలో ఉంది?

కాబట్టి వ్యాపారి రెండోసారే మాట్లాడాలి. రైతు చెప్పింది తన నోటితో తిరిగి చెప్పాలి. రైతు అవునన్నాకే పద్దు తెరవాలి. కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడేవారి పక్కన ఆ భాష తెలిసిన మనిషి ఉండాలి. ఆచారం ప్రకారం తగవులు తీర్చుకునే హక్కును 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు గుర్తించింది గనుక ఊరి పెద్దలను కాదని మనం కూర్చోకూడదు.

భూమి సంగతి వేరు. 1/70 చట్టం ఉన్నచోట గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చేరే రాజీ, రాజీయే కాదు. అలాంటివి మా దగ్గరకు తేవద్దు.

దాతలను అడిగేది పెద్ద మొత్తం కాదు. దుబాసీకి దారిఖర్చు, వచ్చినవారికి భోజనం, రెండో రోజు కూడా కూర్చునే వీలు. ఒక్కపూటలో తేల్చేయమని మాత్రం తొందరపెట్టకండి. సంతనాడు వద్దు, అందరూ ఇంటికెళ్లి నిద్రపోయి వచ్చాక మర్నాడు కూర్చుందాం.