వేలు పడకపోతే తప్పెవరిది?



మనం కట్టే బిల్డింగుల్లో మెట్ల పక్కన ర్యాంపు పోస్తాం. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. వీల్‌చైర్ కోసం పోసిందే ట్రాలీ తోసేటోళ్లకు, మోకాళ్ల నొప్పులున్నోళ్లకు కూడా పనికొస్తది. మెట్లెక్కలేనోళ్లది తప్పని ఎవరం అనం. మరి ఫోను, హాజరు మెషిన్ దగ్గర ఎందుకంటున్నాం?

మా సైట్‌లో ఒక సుతారి కాక వేలు పెడితే మెషిన్ తీసుకోలేదు. వెనుక లైను ఆగింది. "చేతులు కడుక్కొని రా కాకా" అని సూపర్‌వైజర్లమైన మేమే పంపించాం. కడుక్కొచ్చినా పడలేదు. ఆ నెల రెండు రోజులు ఆబ్సెంట్ పడి జీతం కోసిండ్రు. ఆయన పొద్దంతా పని చేసింది మేము కండ్లారా చూసినం. సిమెంటులోని క్షారం, ఇటుకల రాపిడి వేలి గీతల్ని అరగదీస్తాయి. కాక వేళ్లకు గీతలే మిగల్లేదు. మేము రిజిస్టర్ చూపించి రాసిచ్చాకే ఆ పైసలు వాపసు వచ్చినయి. ఇప్పుడు వేలు పడనోళ్లకు కార్డు ఇస్తున్నారు.

ఒకటే దారి పెట్టకూడదన్నది డిజైన్‌లో పాత మాటే. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 1999లోనే నియమాలు ఇచ్చింది. రంగు ఒక్కదానితోనే విషయం చెప్పొద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు చాలామందే ఉంటారు. బటన్ మీద మాటో గుర్తో ఉండాలి. మామూలు సైజు అక్షరానికి, వెనుక రంగుకు తేడా కనీసం 4.5:1 ఉండాలని 2008 నియమాలు చెప్పాయి. ఎండలో స్క్రీన్ చూసే మనకు అదెంత అవసరమో తెలుసు.

ఈ రాత్రి రూముకు పోయాక ఫోన్ సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ' తెరిచి చూడండి. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో 'సెలెక్ట్ టు స్పీక్' పెట్టుకుంటే తాకిన చోట ఉన్న రాతను ఫోనే చదివి వినిపిస్తది, తెలుగులో కూడా. 'టాక్‌బ్యాక్' చూపు లేనోళ్ల కోసం. అది ఆన్ చేస్తే ఒకసారి తాకితే చదువుతది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటది. తెలియక ఆన్ చేసి గాబరా పడొద్దు.

చదువు రానోళ్ల ఫోన్ తీసుకొని మనమే నొక్కేస్తే, వాళ్ల పిన్ నంబరు పదిమంది నోళ్లల్లో పడుతది. పక్కన కూర్చొని, వాళ్లే వాడుకునేలా సెట్ చేసిద్దాం.

సూపర్‌వైజర్లుగా మా మాట ఇది: వేలు పడలేదని ఎవరన్నా, ముందు రిజిస్టర్‌లో పేరు రాస్తాం. మెషిన్ సంగతి తర్వాత చూస్తాం.