ఎముక లావు, ఎముక బలిమి



స్థూలము, దృఢము అను పదములను పర్యాయములుగా వాడిన విద్యార్థి వ్రాతను నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేయుచుండెడివాడను. పెద్దచదువులు చదివిన వైద్యులకును ఈ రెండింటి భేదము తెలియుటకు చాలకాలము పట్టిన వృత్తాంత మొకటి నేడు విన్నవించెదను.

నేను నల్లగొండ మండలమున ఉపాధ్యాయుడనుగా నుంటిని. అచ్చటి పెక్కు నూతుల నీట ఫ్లోరైడు మిక్కుటము. బడిపిల్లల పండ్లపై గోధుమవన్నె చారలుండెడివి. వెనుకనుండి పిలిచినచో కొందఱు పెద్దలు మెడ త్రిప్పజాలక దేహమంతయు మరల్చెడివారు. మదరాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతమున నిట్టి వ్యాధియే కలదని 1937లోనే వైద్యులు ప్రకటించి యుండిరి. ఎక్సురే పటమున ఈ రోగుల వెన్నెముక మామూలుకంటె దట్టముగా, తెల్లగా కనబడును.

ఆ దట్టదనమే పాశ్చాత్య వైద్యులకు ఆశ గొలిపినది. ముట్లుడిగిన స్త్రీలకు ఏండ్లు గడచుకొలది ఎముకలు గుల్లవాఱును. గడపకడ కాలు జాఱినంతనే తుంటి విఱుగును. ఫ్లోరైడు ఎముకను నిర్మించు కణములను ప్రేరేపించును గదా, దానినే ఔషధముగా నేల యీయరాదని వారు తలచిరి. 1961 మొదలు సోడియం ఫ్లోరైడు నిచ్చి చూచిరి. సాంద్రత పెరిగినది. పటమును చూచి సంతసించిరి.

నా పూర్వశిష్యు డొకడు, తండ్రి నడుము వంగి మంచము పట్టినవాడు, ఈ సంగతి విని, “అయ్యా, మా నాయనను కూల్చినది ఇతరులకు మందెట్లగును?” అని యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 1990లో ప్రకటించిన పరీక్షలో నున్నది. వెన్నుపూసలు అదివఱకే చిట్లిన 202 మంది స్త్రీలను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు దినమునకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడును, రెండవదానికి మందులేని మాత్రను నాలుగేండ్లిచ్చిరి. కాల్షియము మాత్రము ఉభయులకును ఇచ్చిరి. మందు పుచ్చుకొన్నవారి నడుము పూసల సాంద్రత నూటికి 35 వంతులు హెచ్చినది. ముంజేతి యెముకలో 4 వంతులు తగ్గినది. వెన్నుపూసలు చిట్లుట చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తక్కిన యెముకలు విఱుగుట వారిలో 72, రెండవవారిలో 24!

కారణ మేమన, ఫ్లోరైడు ఎముక స్ఫటికములోనికి చొరబడి దాని కూర్పును మార్చును. క్రొత్తగా పెరిగినది లావే కాని, నేత చక్కనిది కాదు. మట్టి మెత్తినకొలది గోడ లావగును. పొరలు కలియనిచో నిలుచునా? విఱిగెనా లేదా యని యడుగక, పటమెంత తెల్లనైనదని యడుగుటయే అసలు లోపమని నా తలంపు.

ఆ మోతాదులో ఫ్లోరైడు 34 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ త్రాగునీటికి విధించిన మితి లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాము. అనగా మితిలోనున్న నీటిని దినమునకు ఇరువది రెండు లీటర్లకు పైగా త్రాగినగాని అంత దేహమున చేరదు. కావున పండ్లకొఱకు పొడిలో కలుపు స్వల్పాంశమును దీనితో ముడిపెట్టి బెదరనక్కఱలేదు.

నీటినుండి ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తొలగించు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. పిమ్మట కృష్ణాజలము గొట్టములద్వారా ఆ గ్రామములకు వచ్చినది. నేడు అచ్చటి చిన్నబిడ్డలలో తెల్లని పండ్లవారిని చూచుచున్నాను. నా శిష్యుని తండ్రి నడుము మాత్రము తిరిగి నిలువలేదు.