బడి నుంచి వచ్చిన చీటీ



పిల్లలు బడి నుంచి కాగితం తెస్తే మనం ముందు అడిగే మాట, "మళ్ళీ ఎంత కట్టాలిట?" అనే కదా! మొన్న మా పెద్దమ్మాయి తెచ్చిన చీటీ చూసి నేనూ అదే అన్నాను. అది తొమ్మిదో తరగతి. "డబ్బులు కాదమ్మా. గాలివాన వస్తే చెల్లిని బడి నుంచి ఎవరు తీసుకెళ్తారో ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు రాసివ్వు" అంది.

"ఇవన్నీ చూడ్డానికి మాష్టార్లు లేరూ? ముందు లెక్కల పుస్తకం తియ్యి" అని కసిరాను.

అది ఊరుకోలేదు. "ఒకటో తరగతి పిల్లల్ని నాన్న పేరేమిటంటే 'నాన్న' అంటున్నారమ్మా! ఫోను నంబరు చాలామందికి రాదు. మన చెల్లికీ రాదు" అంది. నాకు నోట మాట రాలేదు.

మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. తుపాను కన్ను మీదికి వచ్చినప్పుడు గాలి చప్పున ఆగిపోతుంది. గండం గడిచిందనుకుని బయటికి వస్తే ప్రమాదం. కన్ను దాటగానే గాలి ఎదుటి దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. ఆనాడు ఫోన్లు కూడా మూగబోయాయి. ఆదివారం గనుక సరిపోయింది, పిల్లలు మన కళ్ళ ముందున్నారు.

తుపానుకైతే వాతావరణ శాఖ ముందుగానే హెచ్చరిస్తుంది, బడికి సెలవిస్తారు. కాని మిట్టమధ్యాహ్నం వచ్చిపడే కుంభవృష్టి, పిడుగులు అంత వ్యవధి ఇవ్వవు. అప్పుడు తల్లులందరం ఒక్కసారి గేటు మీద పడితే, ఎవరి బిడ్డ ఎవరితో వెళ్ళిందో ఎవరు చెప్పాలి?

అందుకే ఆ బడిలో పెద్ద తరగతుల పిల్లలు జట్లుగా ఏర్పడ్డారు. ఏ కిటికీకి గడియ లేదో, ఏ కొమ్మ కప్పు మీదికి వాలిందో, ఏ కాలువ పూడిందో చూసి రాసిస్తారు. ప్రథమ చికిత్స పెట్టె చూసుకుంటారు. రిజిస్టర్లు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పైఅంతస్తుకు చేరుస్తారు. ఒక్కో పెద్ద పిల్ల నలుగురు చిన్నవాళ్ళ లెక్క చూస్తుంది. ఉరుము వినబడితే మైదానం వదిలి లోపలికి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్లెక్కడం, కరెంటు తీగల జోలికి పోవడం మాత్రం పిల్లల పని కాదు. అది పెద్దలదే.

మరి మన పని? చిన్నవాళ్ళకు ఇంటి చిరునామా, ఫోను నంబరు పాటలా నేర్పుదాం. అవి రాసిన అట్టముక్క బడి సంచిలో కుట్టి పెడదాం. పరుగున వెళ్ళేముందు బడి వాళ్ళ కబురు కోసం ఆగుదాం.

ఇంతకీ ఆ చీటీ రాయడానికి కూర్చుంటే మావారి పేరు రాశాక రెండో పేరు నాకు తట్టలేదంటే నమ్ముతారా? పక్కవాటా ఆవిడతో మూడేళ్ళుగా "బాగున్నారా?" తప్ప మరో మాట లేదు. మొహమాటపడుతూనే వెళ్ళి అడిగాను. "అయ్యో, దానికేం వదినగారూ! మా వాడి చీటీలో మీ పేరు రాద్దామని నేనే రాబోతున్నాను" అందావిడ.

మీ పిల్లల బడిలో ఇలాంటి చీటీ ఇంకా ఇవ్వలేదా? అయితే మీరే అడగండి. ఈలోగా ఆ రెండో పేరు ఎవరిదో ఆలోచించి పెట్టుకోండి.

సెలవు.