నోటీసు లేని నిషేధం

(యువ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



హ్యాకింగ్ అనగానే మనకి పాస్‌వర్డ్ దొంగతనం, బ్యాంకు ఖాతాలో డబ్బు మాయం కావడం గుర్తొస్తాయి. ఈరోజు నేను చెప్పే దాడిలో ఎవడూ లోపలికి రాడు, ఏమీ ఎత్తుకుపోడు. గుమ్మం దగ్గర అడ్డం నిలబడతాడు, అంతే. దీన్ని డినయల్ ఆఫ్ సర్వీస్ అంటారు. చాలా యంత్రాలతో ఒక్కసారిగా చేస్తే డీడాస్ అంటారు.

మన వారపు సంతనే తీసుకోండి. ఒక అక్క చింతపండు, కొండచీపుర్లు పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నే ఎవరో రెండు వ్యాన్లలో కూలి జనాన్ని తెచ్చి దింపారు. వాళ్లంతా ఆమె చుట్టూ మూగి కిలో ఎంత, అరకిలో ఎంత, పావుకిలో ఎంత అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కడూ కొనడు. ఆమె మాత్రం అందరికీ జవాబు చెప్పాలి, ఎవరు కొనేవాళ్లో ఎవరు కాదో మొహం మీద రాసి ఉండదు కదా. కొండ దిగి నడిచొచ్చిన అసలు మనిషి వెనకాల నిలబడి నిలబడి తిరిగి వెళ్లిపోయాడు. ఆమె సరుకు పిసరంత కూడా పోలేదు. ఆ వారం సంత మాత్రం పోయింది.

సర్వర్ పరిస్థితి కూడా ఇదే. మీరు ఫోన్లో ఒక పేజీ తెరిస్తే సర్వర్‌కి ఒక అభ్యర్థన వెళ్తుంది, అది జవాబు పంపుతుంది. క్షణానికి ఇన్ని జవాబులే ఇవ్వగలదని దానికో పరిమితి ఉంటుంది. దాడి చేసేవాడు ఆ పరిమితి దాటేదాకా దొంగ అభ్యర్థనలు కుమ్మరిస్తాడు.

ఆ కూలి జనం ఎక్కడ్నుంచి వస్తారు? మీ ఇంట్లోంచీ నా ఇంట్లోంచీ. 2016లో మిరాయ్ అని ఒక ప్రోగ్రాం బయటపడింది. గోడకి తగిలించే సీసీ కెమెరాలు, వైఫై పెట్టెలు ఉంటాయే, వాటికి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ని మనలో చాలామంది మార్చం. అలాంటి పాస్‌వర్డ్‌లు అరవై దాకా పెట్టుకుని మిరాయ్ ప్రపంచమంతా తలుపులు తట్టింది, తెరుచుకున్న ప్రతి పెట్టెనీ కూలీగా చేసుకుంది. ఆ ఏడాది సెప్టెంబరులో బ్రయాన్ క్రెబ్స్ అనే అమెరికన్ పాత్రికేయుడి సైట్ మీద సెకనుకి 620 గిగాబిట్ల వరద వచ్చిపడింది. అప్పటిదాకా ఆ సైట్‌ని ఉచితంగా కాపాడిన పెద్ద కంపెనీ కూడా ఇక మావల్ల కాదని తప్పుకుంది. అక్టోబరు 21న డైన్ అనే సంస్థ మీద దాడి జరిగితే అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి తెరుచుకోలేదు. మిరాయ్‌ని తయారు చేసినవాళ్లు ఎవరో తెలుసా? ముగ్గురు కుర్రాళ్లు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల వ్యాపారంలో పోటీవాళ్లని పడగొట్టడం కోసం మొదలెట్టారు. ఇప్పుడైతే సొంతంగా తయారు చేయక్కర్లేదు, ఇలాంటి దాడులు అద్దెకి దొరుకుతాయి.

ఇంతవరకూ యంత్రాల సంగతి. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఆ తర్వాత జరిగేది. చిన్న సంస్థ సైట్ ఉండేది ఏదో హోస్టింగ్ కంపెనీ సర్వర్‌లో, ఇంకో వందమంది సైట్లతో కలిసి. వరద మన మీదికి వస్తే ఆ వందమందీ మునుగుతారు. అప్పుడు కంపెనీవాడు ఏం చేస్తాడు? మన సైట్‌ని తీసేస్తాడు. మన అడ్రస్‌కి వచ్చే ప్రతిదాన్నీ, మంచీ చెడూ చూడకుండా, గోతిలోకి మళ్లించేస్తాడు. మిగతా వందమందీ బతుకుతారు. దాడి చేసినవాడికి కావలసింది కూడా సరిగ్గా అదే. పైగా కొన్నిచోట్ల ట్రాఫిక్ ఎక్కువైందని బిల్లు మనకే వస్తుంది!

ఇక చదివేవాళ్లు. రెండుసార్లు తెరిచి చూస్తారు, మూడోసారి చూడరు. "పోలీసులు మూయించారంట", "వాళ్లే భయపడి తీసేసుకున్నారంట" అని ఊళ్లో మాట పుడుతుంది. సైట్ రెండ్రోజుల్లో తిరిగొస్తుంది కానీ ఆ మాట అంత తొందరగా పోదు. ఒక గనికి ప్రజాభిప్రాయ సేకరణ ఎల్లుండి అనుకోండి. గ్రామసభ తీర్మానం కాపీ, మ్యాపులు, అభ్యంతర పత్రం నమూనా అన్నీ మీ సైట్‌లోనే ఉన్నాయి. పడగొట్టాలనుకునేవాడికి ఏడాదంతా పడగొట్టే పని లేదు. ఆ రెండ్రోజులు చాలు.

ఇలాంటిది నిజంగా జరిగిన చోటు ఫిలిప్పీన్స్. అక్కడ బులట్లట్ అని 2001 నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ పత్రిక ఉంది. టగాలోగ్ భాషలో ఆ మాటకి తవ్వి తీయడం, వెతికి చూడడం అని అర్థం. రైతులు, కార్మికులు, మిండనావో దీవిలోని లుమాద్ ఆదివాసులు, వాళ్ల భూములు, బడులు, అక్కడ సైన్యం, ఇవీ అందులో వార్తలు. 2018 డిసెంబరు చివర్లో బులట్లట్ మీదా, కొడావ్, పినోయ్ వీక్లీ, ఆల్టర్‌మిద్యా లాంటి తోటి సంస్థల మీదా వరద మొదలైంది. నెలల తరబడి ఆగలేదు.

వాళ్లు ఏం చేశారో గమనించండి. స్వీడన్‌లో క్యూరియం అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది, దాని సాయం తీసుకున్నారు. సైట్‌ని నిలబెట్టుకోవడంతో ఆగలేదు, లాగ్‌లు దాచారు. లాగ్ అంటే సర్వర్ రాసుకునే చిట్టా. ఏ అడ్రస్ నుంచి, ఏ నిమిషానికి, ఏం అడుగుతూ అభ్యర్థన వచ్చిందో అందులో ఉంటుంది. ఆ చిట్టా పట్టుకుని వెనక్కి నడిస్తే దారి తమ దేశంలోని రెండు కంపెనీల నెట్‌వర్క్‌ల దగ్గరికి తేలింది. 2019 మార్చిలో క్వెజోన్ సిటీ కోర్టులో దావా వేశారు. మరుసటి ఏడాది అది రాజీతో ముగిసింది, పత్రికా స్వేచ్ఛని గౌరవిస్తామని ఆ కంపెనీలు ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టాయి. గొప్ప గెలుపేం కాదు. కానీ మొహం లేని దాడికి ఒక కాగితం మీద పేరు వచ్చింది.

2021లో మళ్లీ దాడులు. ఆ రోజుల్లోనే ఒక యంత్రం బులట్లట్ సైట్‌లో ఎక్కడ సందు ఉందా అని తడిమి చూసింది. దాని అడ్రస్ ప్రభుత్వ సైన్స్ శాఖ పేరు మీద ఉంది. మాకేం తెలియదు, మా అడ్రస్‌లు వేరే శాఖలు కూడా వాడుకుంటాయని ఆ శాఖ అన్నది. చివరికి ప్రభుత్వ సైబర్ అత్యవసర బృందమే ఆ అడ్రస్ ఫిలిప్పీన్స్ సైన్యానికి కేటాయించిందని చెప్పింది. దీంతో దాడి మొత్తం సైన్యమే చేసిందని రుజువైనట్టు కాదు, అలా మీరు ఎక్కడా రాయకండి కూడా. తడిమిన యంత్రం ఎవరి చేతి కిందదో తెలిసింది, అంతవరకే. అంతవరకైనా తెలిసింది చిట్టా దాచబట్టే.

2022 జూన్‌లో ఇంకో మలుపు. జాతీయ భద్రతా సలహాదారు లేఖ రాస్తే అక్కడి టెలికం కమిషన్ బులట్లట్‌తో సహా ఇరవైకి పైగా సైట్లని ఆపేయమని ఉత్తర్వు ఇచ్చింది. ఇది ఇంకా పెద్ద దెబ్బ అనుకుంటాం. కానీ ఈసారి ఉత్తర్వు ఉంది, తేదీ ఉంది, సంతకం ఉంది. బులట్లట్ ఆ కాగితం పట్టుకుని కోర్టుకెళ్లి ఆగస్టుకల్లా తన మట్టుకు ఆ నిషేధం అమలు కాకుండా ఉత్తర్వు తెచ్చుకుంది. కాగితం విలువ మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నోటీసు ఇవ్వకుండా పోడు చెట్లు నరికితే ఎక్కడికి పోయి అడగాలో తెలియదు, నోటీసు ఉంటే కనీసం కలెక్టరు బల్ల మీద పెట్టి అడుగుతాం. డీడాస్ నోటీసు లేని నిషేధం. కాబట్టి ఆ కాగితం మనమే తయారు చేసుకోవాలి. (మన దేశంలో 69ఏ కింద వచ్చే నిషేధ ఉత్తర్వులని రహస్యంగా ఉంచే నిబంధన ఉంది, ఆ బాధ వేరే. దాని గురించి ఇంకోరోజు.)

మనవాళ్లలో కొందరు తమ్ముళ్లు అడుగుతుంటారు: "వాళ్లు చేస్తే మనమెందుకు చేయకూడదన్నా?" ఇది కొత్త ప్రశ్న కాదు. 1997 డిసెంబరు 22న మెక్సికోలో చియాపాస్‌లోని ఆక్తెయాల్ ఊళ్లో 45 మంది సోట్సిల్ ఆదివాసుల్ని చంపేశారు. ఆ కోపంలో జపతిస్తాల మద్దతుదారులు కొందరు, ఎలక్ట్రానిక్ డిస్టర్బెన్స్ థియేటర్ అనే బృందం, ఫ్లడ్‌నెట్ అనే పరికరం తయారు చేశారు. 1998లో వేలమంది తమ బ్రౌజర్లతో మెక్సికో అధ్యక్షుడి సైట్‌ని పదేపదే తెరిచారు. ఇది ధర్నా, రోడ్డు మీద కూర్చున్నట్టే అన్నారు. అప్పటి సంగతి అప్పటిది. ఒక్కో మనిషి ఒక్కో బ్రౌజర్, పేరు దాచుకోలేదు. అయినా అదే ఏడాది పెంటగాన్ సైట్ వైపు తిరిగితే, వాళ్లు ఎదురు ప్రోగ్రాం పెట్టి వీళ్ల బ్రౌజర్లనే పడగొట్టారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా, వద్దు. ఎవరి పైపు లావైతే వాడు గెలిచే ఆట ఇది, మన దగ్గర ఉన్నది సన్న పైపు. అద్దె దాడి కొంటే ఎవరో పేదవాడి కెమెరాని కూలీగా వాడుకున్నట్టే. పైగా ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నెట్ వాడే హక్కున్నవాళ్లని అడ్డుకోవడం నేరం, మూడేళ్ల జైలు, 5 లక్షల దాకా జరిమానా. దేశ భద్రతకి ముప్పు అని కలిపితే 66ఎఫ్ ఉంది, దానికి యావజ్జీవం దాకా. మన పిల్లల మీద ఏ సెక్షన్ పెడతారో నేను చెప్పాలా?

మరి ఏం చేద్దాం? డిఫ్లెక్ట్, ప్రాజెక్ట్ గెలీలియో, ప్రాజెక్ట్ షీల్డ్ లాంటివి హక్కుల సంస్థలకి ఉచితంగా అడ్డుగోడగా నిలబడతాయి. అవి మన సర్వర్ ముందు నిలబడి దొంగ జనాన్ని వడపోస్తాయి. దాడి వచ్చాక వెతకడం కష్టం, ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి, వడపోత ఎక్కువైతే "మీరు మనిషేనా" అని అడిగే పేజీ పాత ఫోన్లో, కొండమీద సన్నటి సిగ్నల్‌లో తెరుచుకోదు. దొంగల్ని ఆపబోయి మన అవ్వనే బయట నిలబెడతాం. అందుకే బొమ్మలు తగ్గించి, పేజీ తేలిగ్గా ఉంచండి. ముఖ్యమైన పత్రాలు ప్రతి మండలంలో ఒకరి ఫోన్లో, ఒక పెన్‌డ్రైవ్‌లో, ఒక అచ్చు కాపీగా పంచాయతీ దగ్గర ఉండాలి. సైట్ పడితే ఏ నంబరు నుంచి కబురు వస్తుందో ఇప్పుడే జనానికి చెప్పి ఉంచితే ఊళ్లో పుకారు పుట్టదు.

పడిన నిమిషం నుంచీ రాయడం మొదలెట్టండి. ఎప్పుడు ఆగింది, ముందు రోజు ఏం ప్రచురించాం, హోస్టింగ్‌వాడు ఏమన్నాడు, అతని ఈమెయిల్ కాపీ, లాగ్‌లు. చాలా కంపెనీలు లాగ్‌లని కొద్దిరోజులకే చెరిపేస్తాయి, ఆలస్యం చేస్తే చేతికి ఏమీ మిగలదు. సైబర్ పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి, సెర్ట్-ఇన్‌కి మెయిల్ పెట్టండి. వాళ్లు పట్టించుకుంటారా అంటే, పట్టించుకోకపోయినా ఆ రసీదు మనదే.

టీ తర్వాత సర్వర్ నుంచి లాగ్ ఎలా దించుకోవాలో చేసి చూద్దాం. ఒక్కో బృందం నుంచి ఇద్దరు రండి, ఒకరు అమ్మాయి ఉండాలి. ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండి, మధ్యాహ్నం కరెంటు ఉంటుందో లేదో.