పూలపొదా, చిన్న చెట్టా?

మిన్నెసోటా చలిలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇంటి ముందు పూలపొద పెట్టాలా, చిన్న చెట్టు పెట్టాలా?

ముందు చోటు చూడండి. కప్పు మీది మంచు జారిపడే చోటైతే పొదే మేలు. కొమ్మలు విరిగినా మొదలు దగ్గర్నుంచి మళ్లీ చిగురిస్తుంది. చెట్టుకు నడిమాను విరిగితే ఆ రూపు మళ్లీ రాదు.

పొదల్లోనూ తేడా ఉంది. ఇది జాగ్రత్తగా వినండి. నీలం, గులాబీ గుత్తులు పూసే పెద్దాకుల హైడ్రేంజియా ఎక్కువగా కిందటేడాది కొమ్మకే మొగ్గ కడుతుంది. ఆ మొగ్గ చలికి చచ్చిపోతుంది. ఆకులొస్తాయి, పూలు రావు. పానికిల్ హైడ్రేంజియా అలా కాదు. ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మకే పూస్తుంది. లైలాక్‌దీ పాత కొమ్మే, కానీ దాని మొగ్గ గట్టిది. కత్తెర మాత్రం పూలు రాలిన వెంటనే వేయాలి. ఆలస్యమైతే వచ్చే వసంతం మొగ్గలు పోతాయి.

చెట్టే కావాలంటే నా ఓటు సర్వీస్‌బెర్రీకి. వసంతంలో తెల్లపూలు, వేసవి మొదట్లో తినదగ్గ ఊదా పళ్లు, ఆకు రాలే ముందు ఎరుపు. పళ్లు మీకంటే ముందు పిట్టలు తింటాయనుకోండి, అది వేరే సంగతి.

ఏది కొన్నా చీటీ మీద జోన్ అంకె, అంటే ఆ మొక్క ఎంత చలిని తట్టుకుంటుందో చెప్పే అంకె, చూడండి. అది మీ ఊరి అంకెను మించకూడదు. చలికాలంలో కుందేళ్లు లేత బెరడు కొరుకుతాయి. మొదలు చుట్టూ ఇనుప జాలీ కట్టండి. ఎత్తుగా కట్టండి. పేరుకున్న మంచు మీద నిలబడి మరీ కొరుకుతాయవి.