ఒక రోలు - రెండు రోకళ్ళు

శ్రీకాకుళ విజయనగర సీమల పల్లెలలో పూర్వము ఒకే రోటికి ఇరువైపుల ఇద్దరు స్త్రీలు నిలిచి ధాన్యము దంచెడివారు. ఒకరి రోకలి లేచునంతలో రెండవవారి రోకలి పడును. రోటికి తీరిక యుండదు. సర్వరు కంప్యూటరులోని ‘హైపర్ థ్రెడింగ్’ ఇట్టి యేర్పాటే.

ప్రాసెసరులో లెక్కచేయు భాగమును ‘కోర్’ అందురు. అది మన రోలు. ఒక పని మెమరీనుండి అంకెలు వచ్చువరకు వేచియున్నపుడు, రెండవ పని ఆ కోర్‌ను వాడుకొనును. ఈ పద్ధతిని 1995లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున టల్సెన్, ఎగ్గర్స్, లెవీ అను పరిశోధకులు వివరించిరి. ఇంటెల్ సంస్థ 2002లో తన జియాన్ ప్రాసెసర్లలో ప్రవేశపెట్టి, చిప్పు నూటికి 5 వంతులైనను పెరుగకయే కొన్ని సర్వరు పనులలో 30 వంతులవరకు లాభము కలదని ప్రకటించెను. 16 కోర్లు 32గా కనబడును. అంతమాత్రమున బలము రెండింతలు కాలేదు. రోళ్ళు పెరుగలేదు గదా!

విజయనగరములో ఒక కళాశాలవారు సర్వరు కొన్నారనుకొందము. పరీక్షాఫలితములు వెలువడిననాడు వేలకొలది విద్యార్థులు ఒక్కసారిగా తమ మార్కులడుగుదురు. ఒక్కొక్క విన్నపము చిన్నది. నడుమ ఎదురుచూపులు మెండు. అచ్చట రెండు రోకళ్ళు మేలు. అదే యంత్రముపై గణితశాఖవారు రేయింబవళ్ళు పెద్ద లెక్కలు నడపుచున్నచో, ఒక్క పనియే కోర్‌ను నింపివేయును. రెండవది వచ్చి, కోర్ చెంతనున్న చిన్న నిల్వస్థలములో సగము పంచుకొని, రెండింటిని మందగింపజేయవచ్చును.

ఇది వేగము మాట. ఇంతకంటె చిక్కైనది మరియొకటి కలదు. ఒకే రోట రెండిండ్ల ధాన్యము దంచిన గింజలు కలియకుండునా? కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లలో, ఒకే కోర్‌ను పంచుకొను పరాయి ప్రోగ్రాము ప్రక్కదాని రహస్యములను పసిగట్టగలదని 2018 ఆగస్టులో బయటపడిన ‘ఫోర్‌షాడో’ లోపమువలన తేలెను. ఓపెన్‌బీఎస్‌డీవారు ఆ జూన్ నెలలోనే ఇంటెల్ ప్రాసెసర్లపై ఈ సదుపాయమును ఆపివేసియుండిరి.

యంత్రము కళాశాలదే, అందు నడచునవి నమ్మిన ప్రోగ్రాములే యైనచో, ఉంచుకొనుటయే నా మతము. యంత్రమును వాటాలువేసి పరాయివారికి అద్దెకిచ్చువారు ఆపుట క్షేమము. లేదా, ఒక యింటివారి పనులే ఒక కోర్‌పై చేరునట్లు చూచు ఏర్పాటు 2021నాటి లైనక్సు 5.14లో వచ్చినది, దానిని వాడవలెను.

ఎట్లైనను, ఒకమారు ఉంచి, ఒకమారు ఆపి, అవే పనులు చేయించి కాలము కొలుచుకొనవలెను. లైనక్సులో దీనికై యంత్రమును నిలుపనక్కరలేదు. కొలత మాత్రము రద్దీవేళనే జరుగవలెను. అర్ధరాత్రి ఖాళీ యంత్రముపై ఏ భేదమును తెలియదు.