రచయితయే వాయించిన రికార్డు

పాశ్చాత్య సంగీతమున రచయిత తన కృతిని స్వరలిపిలో వ్రాసి వాయించువారి కప్పగించును. లిపి స్వరమును తెలుపును, కాలమును తెలుపును. కాని ఒక స్వరముపై మనసు ఎంతసేపు నిలువవలెనో పూర్తిగా తెలుపజాలదు. ఆ కొరతను తీర్చిన రికార్డు నొకదానిని గూర్చి నేడు ముచ్చటింతము.

హంగరీ సంగీతకర్త బేలా బార్టోక్ 1938లో క్లారినెట్టు, వయొలిన్, పియానోలకై 'కాంట్రాస్ట్స్' అను కృతిని రచించెను. కోరినవాడు జాజ్ సంగీతమున పేరొందిన అమెరికా క్లారినెట్టు విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్. ఆ కోరికను అందజేసినవాడు వయొలిన్ విద్వాంసుడు జోసెఫ్ సిగెటి. 12 అంగుళముల రికార్డునకు ఇరువైపుల సరిపోవు రెండు భాగములు చాలునని సిగెటి వ్రాసెను. బార్టోక్ ఆ కొలతకు లోబడలేదు. భాగములు మూడయ్యెను, నిడివి సుమారు 17 నిమిషములయ్యెను.

పేరునకు వైరుధ్యములని అర్థము. ఒక వాద్యము ఊపిరితో పలుకును, ఒకటి కమానుతో, ఒకటి తంత్రులపై సుత్తుల తాకిడితో. ఈ భేదమును రచయిత దాచలేదు. మొదటి భాగము యువకులను సైన్యమునకు పిలుచు హంగరీ నృత్యపు నడక, రెండవది విశ్రాంతి, మూడవది వేగము. మూడవదాని ఆరంభమున వయొలిన్ పై తంత్రిని అర్ధస్వరము దించి, క్రింది తంత్రిని అంతే హెచ్చించి శ్రుతి చేయుదురు. కొంతసేపటికి ఆ వాద్యమును విడిచి మామూలు శ్రుతిగల వయొలిన్‌ను చేపట్టుదురు. ఈ భాగపు నడుమ 13 అక్షరముల ఆవర్త మొకటి వచ్చును: మూడు, రెండు, మూడు, రెండు, మూడు. మన తాళములు తెలిసినవారు చేతితో వేసి చూడవచ్చును.

1940 మే నెలలో గుడ్‌మన్, సిగెటిలతో కూడి బార్టోక్ స్వయముగా పియానో వాయింపగా కొలంబియావారు దీనిని రికార్డు చేసిరి. అప్పుడాయన అమెరికాకు కచేరీలకై వచ్చిన అతిథి. ఆ సంవత్సరము అక్టోబరులో యుద్ధకాలపు ఐరోపాను వీడి మరల అమెరికా చేరెను. తిరిగి స్వదేశమును చూడలేదు. 1945లో న్యూయార్కున మరణించెను.

క్లారినెట్టుకును, వయొలిన్‌కును ఒంటరిగా విజృంభించు తావులు కలవు; పియానోకు లేవు. కనుక రికార్డును రెండుమారులు వినుట మేలని మా మనవి. మొదటిమారు క్లారినెట్టు వెంట పొండు. రెండవమారు పియానోను మాత్రమే వినుడు. ఆయన మీటలను మోదడు, పలుకరించును. తోడివారికి చోటిచ్చుచునే నడక నంతయు తానే నడుపుచుండును. లిపి తెలుపలేనిది అచ్చట వినబడును.